పాత సైకిలుకు ధర కట్టేదెలా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ చెన్నై ఎడిషన్ చిన్న ప్రకటనల్లో ఈమధ్య పాత సైకిళ్ళు తరచుగా కనబడుతున్నాయి. "తాతల నాటి రాలీ, ఒరిజినల్ ఇంగ్లాండు, ధర ఫోనులో" అని రెండు లైన్లు, కింద ఒక నంబరు. అడిగితే ఒకరు ముప్పై వేలంటారు, అలాంటి సైకిలుకే ఇంకొకరు మూడు వేలంటారు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నట్టుంది వ్యవహారం. తెలియక ఎక్కువ పోసి కొనేవాళ్ళు ఒకవైపు. మంచి సైకిలును పాత ఇనప సామాన్ల కొట్టుకు తూకానికి వేసేవాళ్ళు ఇంకోవైపు. ఈ రెండోదే ఎక్కువ బాధ, ఎందుకంటే ఆ సైకిలు మళ్ళీ రాదు.

బాగుచేసి తొక్కుదామని కొనేవాళ్ళకూ, ఇంట్లో మూలనున్నదాన్ని అమ్మదలచినవాళ్ళకూ పనికొస్తుందని ధర కట్టే పద్ధతి రాస్తున్నాను. సైకిలు ఎన్నేళ్ళదన్నది ధర తేల్చదు. ఫ్రేము తిన్నగా ఉందా, బజారులో మళ్ళీ దొరకని భాగాలు దాని మీద ఎన్ని మిగిలాయి అన్నవే తేలుస్తాయి. తక్కినవన్నీ డబ్బు పెడితే వస్తాయి.

ముందు పేరు సంగతి. రాలీ అనగానే ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్‌లో తయారైందనుకుంటారు. కానీ బెంగాల్లోని ఆసన్‌సోల్ దగ్గర సేన్-రాలీ కంపెనీ చేసిన రాలీలు కూడా మన వీధుల్లో ఏళ్ళ తరబడి తిరిగాయి. హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ పేర్లు పుట్టింది ఇంగ్లాండులో బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల. 1949లో టీఐ సైకిల్స్ ఏర్పడ్డాక అవే పేర్లతో ఇక్కడ మన అంబత్తూరులో సైకిళ్ళు తయారయ్యాయి. బీఎస్ఏ సైకిళ్ళ వ్యాపారమైతే 1957లో ఇంగ్లాండులోనే రాలీ చేతికి వెళ్ళిపోయింది. కాబట్టి ముందు గొట్టానికి హెర్క్యులిస్ పేరు బిళ్ళ ఉన్నంత మాత్రాన ఓడలో వచ్చిన సైకిలు కాదు. స్టిక్కరు మీద ఊరి పేరు చెన్నై అని ఉంటే అది 1996కు ముందుది కానే కాదు, అంతకుముందు ఈ ఊరి పేరు మద్రాసే. అంబత్తూరు సైకిలు నాణ్యంలో తీసిపోయేది కాదు, రోజూ తొక్కడానికి నేను దానికే ఓటు వేస్తాను. దానికి ఇంగ్లాండు సైకిలు ధర అడిగితే మాత్రం ఇవ్వకూడదు.

బిళ్ళ ఒక్కటే చూసి నమ్మకండి. కొత్తగా పోతపోసిన ఇత్తడి బిళ్ళలు దొరుకుతున్నాయి. బిళ్ళ పట్టుకున్న రివెట్లు చూడండి. పాత రివెట్టు తల చుట్టూ పెయింటు, మురికి ఒకే వయసులో ఉంటాయి. కొత్తదైతే తల మెరుస్తుంది, పక్కన గీరిన గుర్తులుంటాయి. తర్వాత ముందు పళ్ళ చక్రం చూడండి. రాలీ అయితే కొంగ తలలు కోసిన నమూనా ఉండవచ్చు, బీఎస్ఏ అయితే ఆ మూడు అక్షరాలే కోసి ఉండవచ్చు. బిళ్ళ ఒకటి చెప్పి పళ్ళ చక్రం ఇంకొకటి చెప్తే రెండు మూడు సైకిళ్ళు కలిపి ఒకటి చేశారని అర్థం. తొక్కడానికి అదేం తప్పు కాదు, కానీ పూర్తి ఒరిజినల్ ధరలో సగం కూడా దానికి చెల్లదు.

వెనక చక్రం నడిమి హబ్బు మీద ఇంగ్లాండు గేర్ల కంపెనీ స్టర్మీ-ఆర్చర్ పేరుంటే గుడ్డతో మురికి తుడిచి చదవండి. ఏడబ్ల్యూ (AW) అన్న అక్షరాల దగ్గర 58, 6 అని అంకెలుంటే ఆ హబ్బు 1958 జూన్‌లో తయారైనదని. అది హబ్బు పుట్టినరోజు మాత్రమే. చక్రం మార్చి ఉంటే సైకిలుది వేరే. మునిసిపాలిటీ వాళ్ళు ఒకప్పుడిచ్చిన సైకిలు పన్ను బిళ్ళ ఇంకా వేలాడుతుంటే దాని మీద సంవత్సరం ఉంటుంది. ఆ ఏటికి సైకిలు రోడ్డు మీద ఉందనడానికి అదొక సాక్ష్యం. అలాంటి బిళ్ళను పీకి పారేయకండి.

ఇక ఫ్రేము. దీనికి అరగంట ఇవ్వండి, మిగతా అన్నిటికీ కలిపి పది నిమిషాలు చాలు.

హ్యాండిల్ దిగే గొట్టానికి వెనక, పై గొట్టం, కింది గొట్టం లగ్గు (గొట్టాలను కలిపే అతుకు) దాటిన చోటునుంచి రెండు అంగుళాల మేర అడుగుభాగంలో బొటనవేలి గోరు నిలువునా లాగండి. నున్నగా సాగిపోవాలి. గోరుకు చిన్న అల తగిలినా, అక్కడ పెయింటు సన్నటి అడ్డగీతల్లా పగిలి ఉన్నా, ఆ సైకిలు ఎప్పుడో గోడకో బండికో ముందునుంచి గుద్దుకుంది. ఫోర్కు వంగితే తెలిసిన వర్క్‌షాపులో తిన్నగా చేస్తారు. గొట్టం ముడత పడితే అక్కడ ఇనుము బలం పోయింది. తీసినా మళ్ళీ అక్కడే లొంగుతుంది, ఇంకొన్నాళ్ళకు చిట్లుతుంది. అలాంటి ఫ్రేమున్న సైకిలుకు విడి భాగాల ధర తప్ప ఇంకేమీ కట్టకండి.

రెండో పరీక్షకు మూడు మీటర్ల పురికొస కావాలి. వెనక ఇరుసు కూర్చునే ఎడమ గాడికి ఒక కొస కట్టి, ముందుకు తెచ్చి హ్యాండిల్ దిగే గొట్టం చుట్టూ తిప్పి, కుడి గాడికి బిగుతుగా కట్టండి. ఇప్పుడు సీటు గొట్టానికి రెండు పక్కలా పురికొస ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. ఎడమా కుడీ మధ్య తేడా రెండు మూడు మిల్లీమీటర్లయితే పట్టించుకోనక్కరలేదు. సెంటీమీటరు దాటితే వెనక భాగం పక్కకు పోయిందని లెక్క. మోపు మీద మోపు కట్టి పాలక్యాన్లు, గ్యాసు సిలిండర్లు మోసిన సైకిళ్ళలో ఇది ఎక్కువ. అలాంటివాటిలో చక్రం మధ్యలో ఉన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే పంచరు షాపు వాళ్ళు ఇరుసును గాడిలో ఏటవాలుగా బిగించి సరిపెట్టేస్తారు. పురికొస దగ్గర ఆ సర్దుబాటు దాగదు.

మూడోది అయస్కాంతం. ఫ్రిజ్జు మీద అంటించే చిన్నది చాలు. గొట్టాలన్నిటి మీదా నడిపించండి. ఎక్కడైనా పట్టు సడలితే అక్కడ పెయింటు కింద పుట్టీ మెత్తారు. పుట్టీ కింద సొట్టో, తుప్పు తిన్న రంధ్రమో ఉంటుంది.

సముద్రపు గాలి గురించి చెన్నైలో చెప్పనక్కరలేదు. రాయపురంలోనో తిరువల్లిక్కేణిలోనో ఇరవై ఏళ్ళు వరండాలో నిలబడ్డ సైకిలుకంటే మదనపల్లె వైపు పొడి ఊళ్ళో యాభై ఏళ్ళున్నది ఫ్రేము వరకు మేలుగా ఉండవచ్చు. పొడి ఎండకు తోలు సీటూ రబ్బరూ చీలిపోతాయి, అవి మార్చుకోవచ్చు. ఉప్పు గాలి లోపలినుంచి తింటుంది. సీటు రాడ్డు పైకి లాగి, సైకిలు తలకిందులు చేసి, గొట్టం మీద చెక్కతో తట్టండి. టీ పొడిలా నాలుగు రేణువులు రాలితే మామూలే. తుప్పు పొరలు గుప్పెడు రాలితే లోపల గోడ పలచబడింది. నీరు దిగి చేరేది పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టంలోకే, కాబట్టి దాని అడుగున వేలితో గట్టిగా నొక్కి చూడాలి. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో మునిగిన సైకిళ్ళు ఇప్పటికీ అమ్మకానికి వస్తున్నాయి. బయట తుడిచి నూనె రాసి ఉంటారు. హబ్బు లోపల గ్రీజు మట్టిరంగులో ఉంటే, పుల్లలను రిమ్ముకు బిగించే నిపిల్స్ అన్నీ ఒకే ఎత్తు వరకు తుప్పు పట్టి ఉంటే మునిగిందని పసిగట్టవచ్చు.

సీటు రాడ్డు కదలకపోతే? ఇది చాలామంది చిన్న విషయం అనుకుంటారు. ఇనుములో ఇనుము తుప్పుతో అతుక్కుంటే తుప్పు వదిలించే నూనె పోసి రోజుల తరబడి ఆగాలి, కొన్నిసార్లు వేడి చేయాలి, వేడి చేస్తే అక్కడి పెయింటు పోతుంది. బలవంతంగా తిప్పితే సీటు లగ్గు పగులుతుంది. అందుకని కదలని రాడ్డుకు ధరలో కనీసం ఒక రోజు కూలి తగ్గించి అడగడం న్యాయం.

అమ్మేవాళ్ళకు ఇక్కడే ఒక మనవి. దయచేసి అమ్మేముందు పెయింటు వేయించకండి. పాత ఎనామెల్, దాని మీద చేత్తో లాగిన బంగారు గీతలు, వెలిసిపోయిన అక్షరాలు ఒకసారి పోతే తిరిగి రావు. కొత్త నల్ల పెయింటు వేసి మసిపూసి మారేడుకాయ చేస్తే తెలిసినవాడు భయపడతాడు, కింద ఏం దాచారోనని. పెయింటుకు వాళ్ళు పెట్టిన డబ్బూ పోతుంది, సైకిలు విలువా తగ్గుతుంది. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కొద్దిగా వ్యాక్సు రుద్దితే చాలు. అక్షరాల మీద పెట్రోలు, థిన్నరు తగలనివ్వకండి, కరిగి గుడ్డకు వచ్చేస్తాయి. క్రోమ్ మీది తుప్పు చుక్కలను వంటింటి అల్యూమినియం రేకు తడిపి రుద్దితే చాలావరకు పోతాయి. రుద్దాక నల్లటి గుంటలు మిగిలితే పూత పోయిందని, మళ్ళీ పూత వేయించే ఖర్చు లెక్కలో రాసుకోవాలని.

మన దేశంలో పాత సైకిలు బాగుచేసేవాళ్ళకు ఒక అదృష్టం ఉంది. 28 × 1½ టైర్లు, ట్యూబులు, రాడ్ బ్రేకు సామాను, మడ్‌గార్డులు, చైను కవర్లు ఇప్పటికీ ఇక్కడ తయారవుతున్నాయి. వేరే దేశాలవాళ్ళు ఇవి మనదగ్గరినుంచే తెప్పించుకుంటారు. అందుకని టైరు పగిలిందనో చైను తుప్పు పట్టిందనో ధర విరగ్గొట్టి అడగడం సరికాదు. టైరు కొనేటప్పుడు పక్కగోడ మీద అంకె మాత్రం చూడండి. పెద్ద రాడ్ బ్రేకు సైకిలుకు 635 (రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో), కేబుల్ బ్రేకు తేలిక సైకిలు 26 × 1⅜ అయితే 590. పైకి 28 అని రాసి 622 ఉన్న టైరు పెద్ద రిమ్ముకు ఎక్కదు.

దొరకనివి వేరే ఉన్నాయి. ఆ పాత పళ్ళ చక్రం, ఆ కంపెనీ ఫోర్కు, స్టర్మీ-ఆర్చర్ గేరు హబ్బు, దాని గేరు మీట, హబ్బులోనే కరెంటు పుట్టించే డైనోహబ్బు, బ్రూక్స్ తోలు సీటు, లూకాస్ దీపం, ఒరిజినల్ బెల్లు. వీటిలో ఒక్కటి లేకపోయినా వెతుకుతూ నెలలు గడుస్తాయి. బ్రూక్స్ సీటుకు తోలు మధ్యలో గుంట పడినా ఫరవాలేదు, ముక్కు దగ్గర బోల్టుతో కొంత బిగించవచ్చు. రివెట్ల దగ్గర తోలు చినిగితే అది షోకేసులో పెట్టుకోవడానికే.

గేరు హబ్బు పని చేయడం లేదని అమ్మేవాళ్ళు దిగులుపడి ధర తగ్గిస్తారు, కొనేవాళ్ళు భయపడి వదిలేస్తారు. ఇద్దరూ తొందరపడుతున్నారు. మూడు గేర్ల ఏడబ్ల్యూ హబ్బులో మధ్య గేరు జారితే నూటికి తొంభై మంది లోపల పళ్ళు అరిగాయనుకుంటారు. ముందు కేబుల్ చూడాలి. మీటను మధ్య గేరులో పెట్టి, కుడి వైపు ఇరుసు నట్టుకు ఉన్న కిటికీ రంధ్రంలోంచి లోపలికి చూడండి. గొలుసు తగిలించిన సన్న కడ్డీ భుజం ఇరుసు చివరకు సమంగా ఉండాలి. లోపలికో బయటికో ఉంటే గొలుసు మరను తిప్పి సరిచేయాలి, అంతే. ఎండిపోయి బిగుసుకున్న హబ్బుకు నూనె రంధ్రంలో పలచటి మెషిన్ నూనె వేసి రెండు రోజులు తిప్పుతూ ఉంటే తరచుగా ప్రాణం లేచి వస్తుంది. గ్రీజు కూరితే లోపలి చిన్న పట్టీలు అతుక్కుని మరీ పాడవుతుంది. స్టర్మీ-ఆర్చర్ నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీ మూతపడి 2000లో ఆ పేరు తైవాన్ కంపెనీ చేతికి పోయినా, హబ్బు విడి భాగాలు ఇప్పటికీ వస్తున్నాయి. తిరుగుతున్న ఏడబ్ల్యూ హబ్బు ఉన్న సైకిలుకు ఫ్రేము మామూలుదైనా నేను వదులుకోమనను.

పెడళ్ళు బిగించిన రెండు క్రాంకు కడ్డీలనూ పట్టుకుని పక్కలకు ఊపండి. రెండూ కలిసి కదిలితే లోపల ఇరుసు తిరిగే కప్పులు వదులయ్యాయి, బిగించుకోవచ్చు. ఒక్కటే కదిలితే క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను వదులైంది. వదులు పిన్నుతో ఏళ్ళు తొక్కితే క్రాంకు రంధ్రం కోలగా సాగిపోతుంది, అప్పుడు కొత్త పిన్ను వేసినా నిలవదు, క్రాంకే మార్చాలి. సుత్తి దెబ్బలకు పుట్టగొడుగులా తల విచ్చుకున్న పిన్నులుంటే డ్రిల్లుతో తీయాల్సి వస్తుందని కూలి లెక్కలో కలుపుకోండి. నాటింగ్‌హామ్ రాలీకైతే ఇంకో చిక్కు. ఇరుసు కప్పుల మరలు అంగుళానికి 26, మామూలు ఇంగ్లీషు సైకిళ్ళకు 24. బజారులో దొరికిన కప్పును బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేములో మరలు కోసుకుపోతాయి, ఇక ఆ ఫ్రేము తూకానికే. అందుకే పాత కప్పులు అరిగినా సరే, సైకిలుతో పాటు ఉంటే వాటికి విలువ కట్టాలి. కుడి కప్పు మర ఎదురు తిరుగుడని తెలియక విప్పబోయి పాడుచేసినవి కూడా కనబడతాయి.

చక్రాలు. వెనక నలభై, ముందు ముప్పై రెండు, మొత్తం డెబ్బై రెండు పుల్లలు. చక్రం తిప్పి బ్రేకు రబ్బరు పక్కన చూస్తే, పక్కలకు మూడు మిల్లీమీటర్ల ఊగు ఉంటే బెండు తీస్తే పోతుంది. పైకీ కిందికీ ఎగిరితే రిమ్ము దెబ్బ తిన్నది. నాలుగు నిపిల్స్ తిప్పి చూడండి. తుప్పుతో బిగుసుకుని పుల్ల మెలితిరుగుతుంటే డెబ్బై రెండూ కోసి కొత్తవి వేయాలి. రాడ్ బ్రేకు సైకిళ్ళకు వచ్చే పాత వెస్ట్‌వుడ్ రిమ్ములో నడిమి గాడి నీరు నిలుపుకుంటుంది, కాబట్టి ట్యూబు తీసి లోపల చూడకుండా రిమ్ము బాగుందని అనుకోవద్దు.

ఇప్పుడు లెక్క. అంకెలు పద్ధతి తెలియడానికి రాస్తున్నాను, మీ పేటలో రేట్లు వేసుకోండి. బాగుచేసిన సింగిల్ గేరు అంబత్తూరు సైకిలు మీ ఊళ్ళో పదివేలకు పోతుందనుకుందాం. టైర్లు, ట్యూబులు 1,200. చైను, ఫ్రీవీలు 500. గుళ్ళు, కోన్లు, కాటర్ పిన్నులు, గ్రీజు 500. బ్రేకు రబ్బర్లు 100. కొన్ని పుల్లలు, చక్రాల బెండు 600. సీటు 700. కూలి 1,500. మొత్తం 5,100. విప్పాక బయటపడేవి ఎప్పుడూ ఉంటాయి, అందుకు నాలుగో వంతు, 1,275 కలపండి. 6,375 అయింది. పదివేలలోంచి తీస్తే 3,625. అదే మీరు ఇవ్వదగ్గ గరిష్ఠ ధర, బేరం 2,800 దగ్గర మొదలుపెట్టండి. చక్రాలు రెండూ కొత్తగా కట్టాల్సి వస్తే ఇంకో రెండు వేలు తగ్గుతుంది. అమ్మే ఉద్దేశం లేక తొక్కడానికే అయితే, షాపులో అలాంటి కొత్త సైకిలు ధర కనుక్కుని, కొన్న డబ్బు, బాగుచేసిన డబ్బు కలిపి దాన్ని ఎంత దాటుతోందో చూసుకోండి. ఆ దాటిన మొత్తం మీకు ఇష్టమైతేనే ముందుకు వెళ్ళండి.

గేరు హబ్బు, తోలు సీటు, దీపం లాంటివి ఉంటే వాటి విడి ధర పైన కలపాలి. అమ్మేవాళ్ళు తెలుసుకోవలసింది ఇదే. ఇనప కొట్టు వాడు ఇరవై కిలోలకు ఇచ్చేదానికంటే ఆ ఒక్క హబ్బుకే ఎక్కువ రావచ్చు.

కొలత సంగతి మరచిపోకండి. పెడళ్ళ ఇరుసు మధ్యనుంచి సీటు గొట్టం పైఅంచు వరకు 24 అంగుళాలున్న ఫ్రేము పొడుగువాళ్ళకే సరిపోతుంది. 22 అంగుళాలదానికి గిరాకీ ఎక్కువ. సైకిలుకు ఆర్సీ ఉండదు కాబట్టి కొన్నప్పుడు తెల్లకాగితం మీద ఫ్రేము నంబరు, తేదీ, ఇచ్చిన మొత్తం రాయించి సంతకం తీసుకోవడం ఇద్దరికీ మంచిది. నంబరు గీకేసి ఉంటే ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

సంపాదకులు గారూ, మీ వల్ల అయ్యే పని ఒకటుంది. పాత సైకిలు ప్రకటన తీసుకునేటప్పుడు మీ కౌంటరులో ఆరు విషయాలు అడిగి రాయించండి: కంపెనీ పేరు, అది ఎక్కడ తయారైందన్నది, ఫ్రేము కొలత, వెనక హబ్బు మీద ఉన్న అక్షరాలు, అంకెలు, మళ్ళీ పెయింటు వేశారా లేదా, లేని భాగాలు ఏమిటి. ఇంకో రెండు లైన్లకు మించదు. ప్రకటన ఇచ్చేవాళ్ళు హబ్బు మీది అంకెలు చదవడానికి గుడ్డ పట్టుకుని సైకిలు దగ్గర కూర్చుంటే, తమ చేతిలో ఉన్నదేమిటో అప్పుడే వాళ్ళకూ తెలుస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై